రెండో రోజు ఎందుకు రాలేదు?

మొన్న వేసవి సెలవుల్లో కె.కోటపాడు వెళ్లాను. మా చిన్నాన్నగారింటి అరుగు మీద చాపలు పరిచి ఉన్నాయి. గోడకి చిన్న నల్లబల్ల. దాని మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాల్లో 'ధైర్యంగా మాట్లాడదాం' అని రాసి ఉంది. చాపలు మాత్రం ముప్పాతిక వంతు ఖాళీ!

కె.కోటపాడు అంటే తెలియనివాళ్ల కోసం ఓ మాట. చోడవరం పక్కన మండల కేంద్రం. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లా, ఆ తరవాత అనకాపల్లి జిల్లా. చుట్టుపక్కల చెరుకు, వరి, సరుగుడు. మా చిన్నాన్న కూతురు డిగ్రీ చదివి ప్రైవేటు బళ్లో టీచరుగా చేస్తోంది. సెలవుల్లో ఊళ్లో పిల్లలకి పదిహేను రోజులు సభలో మాట్లాడడం నేర్పుదామని మొదలుపెట్టింది. రోజుకో గంట. ఫీజు నామమాత్రం.

'మొదటిరోజు 26 మంది వచ్చారక్కా. ఇవాళ ఏడుగురు. నాకు చెప్పడం రాదంటావా?' అంది నీరసంగా.

'ఎందుకు రావట్లేదో అడిగావా?'

'అడక్కేం... ఒకళ్లకి కడుపునొప్పి. ఒకళ్లు అమ్మమ్మగారి ఊరెళ్లారు. ఇంకొకళ్లింట్లో పెళ్లి. ఊళ్లో గుంటలందరికీ ఒకేసారి కడుపునొప్పి వస్తాదేటి? ఫీజులు వెనక్కిచ్చేసి ఆపేద్దామనుకుంటున్నాను'.

'మొదటిరోజు ఏం చేశావు?'

'ఏముందీ... ఒక్కొక్కర్నీ ముందుకు పిలిచి, రెండు నిమిషాలు మీ గురించి చెప్పండర్రా అన్నాను. అదే కదా క్లాసంటే?'

అక్కడే ఉంది కిటుకు. తరచి అడిగితే ఓ సంగతి బయటపడింది. ఏడో తరగతి పిల్ల ఒకత్తి లేచి పేరు చెప్పింది. ఊరు చెప్పింది. 'మా అయ్య సెరుకు కొట్టడానికి ఎల్తాడు' అంది. వెనకనించి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో 'ఎల్తాడంట' అని వెక్కిరించారు. పిల్ల గబుక్కున కూర్చుండిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు ఆ పిల్లతో వచ్చే మరో ఇద్దరూ రాలేదు.

ఆ పిల్ల సంగతి వింటుంటే నా చెవులు వేడెక్కాయి. ఎందుకంటే ఆ పిల్లని నేనే!

ఏటా ఆగస్టులో జ్వరం

ఎనిమిదో తరగతిలో ఉండగా స్వాతంత్ర్య దినోత్సవానికి ఉపన్యాసం ఇమ్మన్నారు. వారం రోజులు బట్టీపట్టాను. నూతి దగ్గరా, పెరట్లో అరటిచెట్ల దగ్గరా గడగడా ఒప్పజెప్పాను. తీరా మైకు ముందుకెళ్లి 'సభకు నమస్కారం' అన్నాక... ఇంకేమీ లేదు. గొంతు ఎండిపోయింది. కాళ్లు వణికాయి. ఎదురుగా ఉన్న తలకాయలన్నీ కలిసి ఒకటే పెద్ద తలకాయై నన్ను చూస్తున్నట్టనిపించింది. నవ్వులు వినపడ్డాయి. దిగి పారిపోయాను.

ఆ తరవాత రెండేళ్లపాటు సరిగ్గా ఆగస్టు 14 సాయంత్రానికి నాకు జ్వరం వచ్చేది. మా అమ్మ నిజమే అనుకుని మిరియాల కషాయం కాచిచ్చేది!

ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. వేదిక ఎక్కగానే గుండె దడదడలాడడం, నోరెండడం, చేతులు చల్లబడడం జబ్బు కాదు. ఎదురుగా ఏదో ప్రమాదం ఉందనుకుని శరీరం అడ్రినలిన్‌ని విడుదల చేస్తుంది. అది ఎంత వేగంగా పైకి లేస్తుందో, కాస్త ఓపిక పడితే అంత మామూలుగానూ దిగుతుంది. మాట్లాడుతూ ఉంటే కాసేపటికి దడ తగ్గుతుంది. కానీ మనం చేసేదేమిటి? దడ పతాక స్థాయిలో ఉండగా దిగి వచ్చేస్తాం. దిగగానే హాయిగా ఉంటుంది. 'అమ్మయ్య, పారిపోతే బతికిపోయాం' అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. ఇక ప్రతిసారీ అదే సలహా ఇస్తుంది. అదే కడుపునొప్పి, అదే ఆగస్టు జ్వరం!

అందుకే ఈ విద్యలో మొదటిరోజు కన్నా రెండో రోజు ముఖ్యం. బాగా మాట్లాడించడం తరవాతి సంగతి. ముందు మళ్లీ వచ్చేలా చెయ్యాలి. లెక్కల క్లాసులో లెక్క తప్పితే పుస్తకంలో తప్పుతుంది. ఇక్కడ తప్పితే పదిమంది కళ్ల ముందు తప్పుతుంది. అందుకే ఇక్కడి పిల్లలు తొందరగా జారిపోతారు.

ఇంకో తమాషా ఉంది. మన వణుకు మనకి కనపడినంతగా ఎదుటివాళ్లకి కనపడదు. కెన్నెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ఓ పరిశోధన ప్రచురించారు. మాట్లాడేవాళ్లు తామెంత కంగారుగా కనిపిస్తున్నామని అనుకుంటారో, చూసేవాళ్లకి అంతగా కనిపించడం లేదని తేలింది. 'మీ కంగారు బయటికి అంతగా తెలియదు' అని ముందే చెప్పి పంపిస్తే, వాళ్లు మరింత బాగా మాట్లాడారట. ఈ ఒక్క ముక్క ఆరోజు నాకెవరైనా చెప్పి ఉంటే రెండేళ్ల కషాయం తప్పేది.

గాంధీగారి ముగ్గురు విద్యార్థులు

ఈ బాధ మనకే కాదు. బారిస్టరై తిరిగొచ్చిన గాంధీగారు బొంబాయి చిన్న కోర్టులో తొలి కేసు వాదించడానికి లేచారు. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించాలి. తల తిరిగింది. ప్రశ్న ఒక్కటీ తట్టలేదు. కూర్చుండిపోయి, కేసు ఇంకొకరికి ఇచ్చుకోమని చెప్పి వచ్చేశారు. దక్షిణాఫ్రికా వెళ్లేదాకా మళ్లీ కోర్టు మెట్లెక్కలేదని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.

అదే మనిషి 1893లో ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సభలో మాట్లాడారు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగం అదేనన్నారు. అక్కడ నోరెలా పెగిలింది? వ్యాపారంలో సత్యం అనే విషయం మీద మాట్లాడారు. తాను నమ్మిన విషయం. చెప్పి తీరాలనుకున్న విషయం. ఎదురుగా ఉన్నది తనవాళ్లు.

ఆ కథలో నాకు అంతకన్నా నచ్చిన ముక్క ఇంకోటుంది. ఇంగ్లిష్ నేర్చుకుంటామంటే నేర్పుతానని అక్కడి భారతీయులకి చెప్పారాయన. ముగ్గురు ముందుకొచ్చారు. ఒకరు మంగలి, ఒకరు గుమాస్తా, ఒకరు చిల్లర దుకాణదారు. క్లాసుకి రమ్మంటే వాళ్లకి కుదరదు. అందుకని ఈయనే వాళ్ల దగ్గరికి వెళ్లేవారు. ఒక్కోసారి వెళ్లేసరికి వాళ్లు తమ పనిలో మునిగిపోయి ఉండేవారు. విసుక్కోలేదు. ఎనిమిది నెలల్లో ఇద్దరు ఫర్వాలేదనిపించారు. ముగ్గురిలో ఇద్దరు!

'విన్నావా చెల్లీ, గాంధీగారికే ముగ్గురిలో ఇద్దరు. నీకు ఏడుగురు మిగిలారు. సంతోషించు' అన్నాను. నవ్వింది. 'అంటే నన్ను గుమ్మం గుమ్మం తిరగమంటావా?' అంది. అక్షరాలా అదే!

పిల్లలు మానేస్తే మాస్టారికి పస్తు

ఈ విద్యతోనే ప్రపంచంలో పేరు తెచ్చుకున్న మనిషి డేల్ కార్నెగీ. ఆయనా పల్లెటూరివాడే. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో పేద రైతు కొడుకు. పట్నంలో గదికి డబ్బుల్లేక రోజూ గుర్రం మీద కాలేజీకి వెళ్లొచ్చేవాడు. ఉపన్యాస పోటీల్లో మొదట్లో వరసగా ఓడిపోయాడు. గుర్రం మీదా, ఆవుల పాలు పితికేటప్పుడూ ఉపన్యాసాలు సాధన చేసేవాడు.

1912లో న్యూయార్క్‌లో 125వ వీధి వైఎంసీఏ రాత్రి తరగతుల్లో ఉపన్యాస కళ నేర్పుతానన్నాడు. రాత్రికి రెండు డాలర్లు ఇమ్మన్నాడు. అంత ఇవ్వలేమన్నారు వాళ్లు. వచ్చే లాభంలో వాటా తీసుకోమన్నారు. ఒప్పుకున్నాడు. విద్యార్థులు పగలంతా పనిచేసి అలసిపోయి వచ్చేవాళ్లు. ఫీజు వాయిదాల్లో కట్టేవాళ్లు. ఉపయోగం లేదనిపిస్తే వాయిదా ఆపేసేవాళ్లు. అంటే విద్యార్థి మానేస్తే మాస్టారికి పస్తే! ఆ అవసరమే తనకి నేర్పడం నేర్పిందని తరవాత ఆయనే చెప్పుకున్నాడు.

తొలి క్లాసులో మధ్యలోనే ఆయన దగ్గరున్న సరుకు అయిపోయింది. ఏం చెయ్యాలో తోచలేదు. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లని లేపి, మీకు కోపం తెప్పించిన సంగతేదైనా చెప్పమన్నాడు. అంతే... అప్పటిదాకా బిగుసుకుపోయినవాళ్లు గడగడా మాట్లాడేశారు. కోపం వచ్చినప్పుడు మనిషి తనని తాను మరిచిపోతాడు. ఎదుటివాళ్లు ఎలా చూస్తున్నారన్నది గుర్తుండదు. మన వీధి కుళాయి దగ్గర చూడండి. ఏ శిక్షణా లేకుండా ఎంత ధాటిగా మాట్లాడుకుంటారో!

మనం మాత్రం పిల్లాణ్ని లేపి 'క్రమశిక్షణ' గురించి మాట్లాడమంటాం. పదేళ్లవాడికి క్రమశిక్షణ మీద అభిప్రాయం ఏముంటుంది? క్రికెట్‌లో తనని అన్యాయంగా అవుట్ ఇచ్చారన్నదాని మీద అయితే అరగంట చెబుతాడు.

వంత పలికినా వేదికే కదా

ఇంకో కథ. రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన 1905లో అమెరికాలోని బ్లూమింగ్టన్ వైఎంసీఏలో యువకుల కోసం ఇలాంటి క్లబ్బే పెట్టాడు. ఆయన ఊరు మారగానే అది నీరసపడిపోయింది. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో పెట్టింది మాత్రం నిలబడింది. అదే ఇప్పటి టోస్ట్‌మాస్టర్స్. మన హైదరాబాద్, విశాఖల్లోనూ ఈ క్లబ్బులున్నాయి.

అక్కడ జీతం పుచ్చుకునే మాస్టారుండరు. సభ్యులే ఒకరికొకరు నేర్పుకుంటారు. ఒకరు గడియారం చూస్తారు. ఒకరు మాట్లాడేవాళ్లు 'ఆ... ఊ...' అని ఎన్నిసార్లు నసిగారో లెక్కపెడతారు. ఒకరు మంచిచెడ్డలు చెబుతారు. మొదటి ప్రసంగం తన గురించే, నాలుగు నుంచి ఆరు నిమిషాలు. కొత్తగా వచ్చినవాడు ఆరోజు ప్రసంగించకపోయినా, చేతిలో ఏదో ఒక పని పెట్టే వీలుంటుంది. పని ఉన్నవాడు రేపు మానెయ్యడానికి మొహమాటపడతాడు. 'నేను లేకపోతే గంట ఎవరు కొడతారు?' అనుకుంటాడు.

ఇదేమీ మనకి కొత్త కాదు. మన బుర్రకథ చూడండి. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. వంతగా నిలబడ్డవాడు కథంతా మోయక్కర్లేదు. సమయానికి 'తందాన తాన' అంటే చాలు. కానీ నిలబడ్డది వేదిక మీదే. చూసేది ఆ జనాన్నే. కొన్నాళ్లకి జనం అలవాటైపోతారు. భయం పోయాక కథ దానంతటదే వస్తుంది. మనం బళ్లో చేసేది దీనికి తలకిందులు. వంత పలకడం కూడా రాని పిల్లాణ్ని నేరుగా కథకుడిగా నిలబెడతాం!

'ఎల్తాడు' తప్పా?

మళ్లీ ఆ ఏడో తరగతి పిల్ల దగ్గరికొద్దాం. ఆమె నోరు మూయించింది భయం కాదు, ఆ నవ్వు. మన ఉత్తరాంధ్ర పిల్లలు ఇంట్లో ఎంత చక్కగా మాట్లాడతారో! అరుగు దాటేసరికి 'మన యాస చూసి నవ్వుతారేమో' అన్న జంకు పట్టుకుంటుంది. ముందు మాటని నోట్లోనే దిద్దుకుంటారు. అది అయ్యేలోపు చెప్పాల్సింది మరిచిపోతారు.

జనం మాట్లాడే భాషే చదువులోకి రావాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఉత్తరాంధ్రవారే. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవరల పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని ముందు ఆ భాష తాను నేర్చుకున్నారు. ఆ భాషలో పుస్తకాలు రాశారు. వాళ్ల కోసం బడులు పెట్టారు. పిల్లలు మాస్టారి భాషలోకి రావడం కాదు, మాస్టారే పిల్లల భాషలోకి వెళ్లారన్నమాట. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆరోజు బడుల్లో వక్తృత్వ పోటీలు పెట్టి, యాసలో మాట్లాడిన పిల్లాణ్ని చూసి నవ్వితే ఆయన ఆత్మ ఏమనుకుంటుంది?

పత్రికల భాష, సభల భాష నేర్పొద్దని కాదు. ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికి అదీ కావాలి, ఇంగ్లిషూ కావాలి. కానీ ముందు నోరు తెరవనివ్వాలి. తెరిచిన నోటికి మెరుగులు పెట్టొచ్చు. మూసుకున్న నోటికి ఏం పెడతాం?

అరుగు మీద కొత్త క్లాసు

ఆ రాత్రి చెల్లీ, నేనూ అరుగు మీదే కూర్చుని పాఠం మళ్లీ రాసుకున్నాం. మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటి క్లాసు నడుపుతుంటే పనికొస్తుందని చెబుతున్నాను.

ముందు లెక్క సరిచేశాం. 26 మంది ఒక్కొక్కరే రెండేసి నిమిషాలు మాట్లాడితే 52 నిమిషాలు. అంటే ఒక్కడు మాట్లాడుతుంటే పాతికమంది తమ వంతు కోసం వణుకుతూ కూర్చున్నారు. అదే ఇద్దరిద్దర్ని జతలుగా కూర్చోబెడితే? పది నిమిషాల్లో ప్రతివాళ్లూ ఐదేసి నిమిషాలు మాట్లాడేస్తారు. ఎవరి గోల వాళ్లది. వెక్కిరించడానికి ఎవరికీ తీరికుండదు!

మొదటిరోజు జతలో మాట్లాడి, పక్కవాడి గురించి చెప్పాలి. తన గురించి కాదు. రెండో రోజు గుండ్రంగా కూర్చుని అర నిమిషం. మూడో రోజు కూర్చున్న చోటే లేచి నిలబడి. నల్లబల్ల ముందుకు రావడం ఆ తరవాతే. విషయం ఎప్పుడూ వాళ్లు చూసిందో, వాళ్లకి జరిగిందో. బట్టీ పట్టిన కాగితం నిషేధం.

మాట్లాడినవాడికి ముందు బాగున్నదొకటి చెప్పాలి. తరవాత మార్చుకోవాల్సింది ఒకే ఒక్కటి. పది తప్పులు ఒకేసారి చెబితే పదకొండోది వాడు రావడం మానెయ్యడం. నవ్వొచ్చు, మాట్లాడేవాడు నవ్విస్తేనే. గంట కొట్టడానికి ఒకరు, పేర్లు పిలవడానికి ఒకరు, చాపలు పరవడానికి ఇద్దరు. రోజూ మారాలి.

అన్నిటికన్నా ముఖ్యం చివరిది. రాని పిల్ల ఇంటికి అదే సాయంత్రం వెళ్లాలి. వారం ఆగితే ఆ పిల్లకి పారిపోవడం అలవాటైపోతుంది. వెళ్లి 'ఎందుకు రాలేదు?' అని అడక్కూడదు. ఆ ప్రశ్నకి ఎప్పుడూ కడుపునొప్పే జవాబు. 'రేపు నీతో పనుంది, వస్తావా?' అనాలి.

మర్నాడు సాయంత్రం చెల్లి ఆ ఏడో తరగతి పిల్ల ఇంటికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. పిల్ల తలుపు వెనక్కి నక్కింది. వాళ్లమ్మ 'అదేటి మాటాడగలదమ్మా, సిగ్గు దానికి' అంది. చెల్లి ఆ మాట పట్టించుకోలేదు. 'రేపట్నించి గంట కొట్టడానికి మనిషి లేదమ్మీ. నువ్వు రావాల' అంది అచ్చం మన యాసలోనే. పిల్ల తలుపు సందులోంచి కళ్లు మాత్రం చూపించి 'మాటాడక్కర్లేదా?' అంది. 'అక్కర్లేదు' అంది చెల్లి.

వచ్చింది. చేతిలో పూజగది గంట పట్టుకుని నాలుగు రోజులు బుద్ధిగా కొట్టింది. అప్పటికి నేను ఊరొదిలి వచ్చేశాను. మిగతాది చెల్లి ఫోనులో చెప్పింది. అయిదో రోజు విషయం 'నాకు కోపం వచ్చినప్పుడు'. స్టాపులో పిల్లలు చెయ్యెత్తినా ఆగకుండా వెళ్లిపోయే బస్సు గురించి ఎవడో తప్పుగా చెబుతున్నాడట. ఈ పిల్ల ఉండబట్టలేక గంట పక్కన పెట్టి లేచిందట. 'అది కాదు, నాను సెప్తాను' అని మొదలుపెట్టి, వర్షంలో తడిసిన పుస్తకాల సంచీ దగ్గర్నించి, బడికి ఆలస్యమైతే గుమ్మం బయట నిలబెట్టిన సంగతి దాకా ఏకబిగిన చెప్పేసిందట. ఎవరూ నవ్వలేదు.

'ఎంతసేపు మాట్లాడింది?' అని అడిగాను.

'ఏమోనక్కా. గంట కొట్టాల్సింది అదే కదా!' అంది చెల్లి.

క్లాసు ముగిసేనాటికి 26 మందీ రాలేదు. పద్నాలుగు మంది మిగిలారు. తక్కువేం కాదు. ఆ పద్నాలుగు మందిలో రేపు ఒకరు గ్రామసభలో చెయ్యెత్తి మా వీధికి నీళ్లెందుకు రావట్లేదని అడగొచ్చు. ఒకరు ఆస్పత్రిలో డాక్టరుకి తన నొప్పి ఎక్కడో సరిగ్గా చెప్పుకోవచ్చు. ఇంకొకరు ఇంటర్వ్యూ గదిలో తలెత్తి కూర్చోవచ్చు.

మీ ఇంట్లోనూ ఏ ఆగస్టు 14 సాయంత్రమో పిల్లకి జ్వరం వస్తే, కషాయం కాచే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని అడగండి... నిన్ను చూసి నవ్విందెవరమ్మా అని!